ఒత్తిడికి కళ్లెం

హైడ్రాలిక్ యంత్రాల దగ్గర పనిచేసే ఫిట్టర్లకు మొదట్లోనే చెప్పే జాగ్రత్త ఒకటుంది. హోసు ఎక్కడో కారుతోందని అనుమానం వస్తే చేత్తో తడమకూడదు. అట్టముక్కో కర్రపుల్లో అడ్డం పెట్టి చూడాలి. గోదావరిఖని పక్కనున్న ఆడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పును మోసే ఉక్కు ఆధారాలన్నీ ద్రవం ఒత్తిడి మీదే నిలబడతాయి. ఇలాంటి గనుల్లో ఆ ఒత్తిడి మామూలుగా 300 బార్ల దాకా ఉంటుంది. ఆ ద్రవం సన్నని రంధ్రంలోంచి బయటికి దూకితే చర్మాన్ని ఛేదించుకుని లోపలికి పోతుంది. పైకి కనిపించేది ఒక చిన్న ఎర్రటి చుక్క మాత్రమే. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. ఏముందిలే అని షిఫ్టు ముగించుకుని ఇంటికి పోయినవాడికి రాత్రికల్లా చేయి వాస్తుంది. అప్పటికే ఆ ద్రవం కండరాల సందుల్లోకి పాకి ఉంటుంది. ఆపరేషను ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు.

పిల్లల పళ్ల డాక్టరు చేతిలో ఉండే సూది లేని ఇంజక్షను పరికరం సరిగ్గా ఇదే పని చేస్తుంది. సన్నని రంధ్రం, దానివెనక భారీ ఒత్తిడి, కంటికి అందని వేగం. తేడా అంతా అది ఎక్కడ ఆగుతుందన్న దాంట్లోనే ఉంది. ఫిట్టరు వేలును పోగొట్టగల బలాన్ని పట్టి తెచ్చి, ఐదేళ్ల పిల్ల చిగురులో కొన్ని మిల్లీమీటర్ల లోతులో నిలిపేయడం మామూలు పనితనం కాదు. బొగ్గు బాయిలూ పవర్ ప్లాంటూ మధ్య బతికే మా కోల్ బెల్టు వాళ్లకి ఈ పరికరాన్ని పరిచయం చేయడానికి ఆ గని హోసు కంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

పైగా చరిత్రలోనూ ఈ రెంటికీ చుట్టరికం ఉంది. చర్మంలోకి నీటిధారను కొట్టి వైద్యం చేయాలన్న ఊహ 1866 నాటికే పారిస్‌లో ఉంది కానీ, అది నిలదొక్కుకోలేదు. 1930ల్లో డీజిల్ ఇంజన్లు వ్యాపించాక వర్క్‌షాపుల్లో కొత్తరకం ప్రమాదాలు మొదలయ్యాయి. ఇంజన్‌లో ఇంధనాన్ని చిమ్మే నాజిల్ ముందు చేయి పెట్టిన మెకానిక్కుల వేళ్లలోకి డీజిల్ దూసుకుపోయేది. 1937లో రీస్ అనే వైద్యుడు అలాంటి ఒక కేసును అమెరికా వైద్య సంఘం పత్రికలో నమోదు చేశాడు. డాక్టర్లు దాన్ని గాయంగా చూశారు. ఇంజనీరు కన్ను ఉన్నవాళ్లు మాత్రం సూది లేకుండానే ద్రవం చర్మం దాటిన సంగతిని పట్టుకున్నారు. వాళ్లలో ఒకడైన మార్షల్ లాక్‌హార్ట్‌కు ఈ తరహా పరికరం మీద 1943లో అమెరికా పేటెంటు దక్కింది. మత్తు వైద్యుడు రాబర్ట్ హింగ్సన్, జేమ్స్ హ్యూస్‌తో కలిసి, 1947లో దాన్ని రోగుల మీద వాడి ఫలితాలు ప్రచురించాడు. పదేళ్లు తిరిగేసరికి అది నోటి దాకా వచ్చింది. 1958లో అమెరికా సైనిక వైద్య పత్రికలో పళ్ల చికిత్సకు జెట్ మత్తు, అంటే ధారగా కొట్టే మత్తు, వాడిన 66 కేసుల నివేదిక వెలువడింది. ప్రమాదంలోంచి పనిముట్టును పుట్టించిన ఘనత ఫలానా ఒక్కరిదని చెప్పలేం. గాయాన్ని చూసి జాలిపడి ఊరుకోకుండా, లోపల జరిగిందేమిటని ఆరా తీసిన వాళ్లందరిదీ.

ఇక పరికరం సంగతి. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. కొన్నింటిలో లోపల బలమైన స్ప్రింగు, కొన్నింటిలో నొక్కిపెట్టిన వాయువు. ముందు భాగంలో మందు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం, దాని కొసన రంధ్రం. ఇప్పటి పరికరాల్లో ఆ రంధ్రం వ్యాసం 0.15 నుంచి 0.18 మిల్లీమీటర్లు ఉంటుంది. పళ్ల డాక్టర్లు వాడే సన్నరకం 30 గేజి సూది మందం 0.3 మిల్లీమీటర్లు కనుక, ఈ ధార అందులో సగమే. మీట నొక్కగానే స్ప్రింగు విడిపోయి పిస్టన్‌ను తోస్తుంది. మందు సెకనుకు 100 మీటర్లకు పైగా వేగంతో బయటికి దూకుతుంది. సెకనులో మూడో వంతు గడిచేలోపే అంతా అయిపోతుంది.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుంటే పనితనం లోతు తెలుస్తుంది. పాతతరం డెంటల్ జెట్ సిరంజీల్లో ఒకటైన సైరిజెట్ దాదాపు 2000 పీఎస్ఐ ఒత్తిడితో పనిచేసేది. అంటే సుమారు 140 బార్లు. జైపూర్ మండలంలో సింగరేణి వాళ్ల థర్మల్ ప్లాంటులో ఉన్నవి 600 మెగావాట్ల యూనిట్లు రెండు. ఆ తరగతి యూనిట్లలో టర్బైనుకు వెళ్లే ఆవిరి ఒత్తిడి 170 బార్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే జైపూర్‌లో టర్బైను తిప్పే ఒత్తిడికి కాస్త తక్కువలో ఉన్నదాన్ని ఒక పాలపన్ను పక్కన ప్రయోగిస్తున్నారన్నమాట! వినడానికి గుండె గుభేలుమంటుంది. కానీ ఒత్తిడి వేరు, తోపుడు వేరు. 0.15 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి 140 బార్లతో ధార వచ్చిందనుకుంటే, అది చిగురు మీద మోపే బలం 50 గ్రాముల బరువంత మాత్రమే. పిల్లకు తగిలేది ఆ కాస్త తాకిడే. ఒత్తిడిని పెంచి, రంధ్రాన్ని ఇరుకు చేసి, కాలాన్ని కుదించి, మూడింటినీ ఒకదానికొకటి సరితూగేలా నిలబెట్టడంలో ఉంది దీన్ని తయారుచేసినవాళ్ల ప్రజ్ఞ. రంధ్రం కొంచెం పెద్దదైతే కోత పడుతుంది. వేగం తగ్గితే మందు లోపలికి పోకుండా నోట్లోకి చిమ్ముతుంది.

లోపలికి వెళ్లాక జరిగేది ఇంకా ముచ్చటైనది. ధార ముందుకొన కణజాలాన్ని తొలుచుకుంటూ పోతుంది. గుంత లోతయ్యేకొద్దీ వెనక్కి తన్నుకొచ్చే ద్రవం ఎదురై ధార నెమ్మదిస్తుంది. ఒక లోతు దగ్గర తొలవడం ఆగిపోయి, అక్కడి నుంచి మందు చుట్టూ గుండ్రంగా వ్యాపిస్తుంది. కాలిఫోర్నియాలో జాయ్ బాక్స్టర్, సమీర్ మిత్రగోత్రి 2005 ప్రాంతంలో ఈ తొలుచుడును కొలిచి చూపించారు. సూదితో వేసిన మందు ఒక్క చోట ముద్దగా చేరుతుంది. జెట్ మందు చెదిరి పరుచుకుంటుంది. అందుకే తక్కువ మందుతో సరిపెట్టుకోగలుగుతుంది. ఒక్కో షాట్‌లో పోయేది 0.1 నుంచి 0.3 మిల్లీలీటర్లు. 2 శాతం లిగ్నోకైన్ అయితే అందులో మందు 2 నుంచి 6 మిల్లీగ్రాములు. మామూలు 1.8 మిల్లీలీటర్ల క్యాట్రిడ్జిలో 36 మిల్లీగ్రాములుంటాయి. పిల్లల పళ్ల వైద్యంలో లిగ్నోకైన్‌కు పాటించే హద్దు కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు. 18 కిలోల పిల్లకు 79 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే రెండు క్యాట్రిడ్జిలకు కాస్త పైన. ఆ హద్దుకు చాలా దూరంలో పని ముగించగలగడం ఈ పరికరానికున్న మెచ్చదగిన గుణం. చప్పుడు లేని గుణం కనుక ఎవరూ దాని గురించి ప్రచారం చేయరు.

చప్పుడు అన్నాను కదా, అసలు తంటా అక్కడే. స్ప్రింగు విడిపోయినప్పుడు టప్పుమంటుంది. సూది కనిపించలేదని ధీమాగా కూర్చున్న పిల్ల ఆ చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. పరికరం చిగురుకు నిటారుగా, గట్టిగా ఆనించి ఉండాలి. కొసన ఉండే రబ్బరు తొడుగు అందుకోసమే. మీట నొక్కిన క్షణంలో పిల్ల తల తిప్పితే ధార ఏటవాలుగా తగిలి పొరను చీలుస్తుంది. మందు బయటికి చిమ్మి నాలుక మీద పడితే చేదు. ఆ చేదుకు రెండో షాట్‌కు నోరు తెరవదు. అందువల్ల ఈ పరికరం పట్టిన డాక్టరు అసలు పని మీట నొక్కకముందే అయిపోవాలి.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. 1959లో ఆడెల్‌స్టన్ అనే పిల్లల దంతవైద్యుడు రాసినప్పటి నుంచీ ప్రపంచమంతా పాటిస్తున్నదే: ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి. తెలిసిన డాక్టరు పరికరాన్ని ముందు ఖాళీగా గాలిలో పేలుస్తుంది. ఆ చప్పుడుకు ఒక పేరు పెడుతుంది, లేదా పిల్లనే పేరు పెట్టమంటుంది. తన అరచేతి మీద నీళ్లతో ఒకసారి కొట్టి చూపిస్తుంది. తర్వాత చిగురును దూదితో పొడిగా తుడిచి, తియ్యటి వాసన వేసే మత్తు జెల్లు రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగుతుంది. ఈ ఆగడమే చాలామంది చేయరు. బయట పదిమంది కూర్చుని ఉంటే ఎవరికైనా తొందరే. జెల్లుకు ఆ రెండు నిమిషాలూ ఇవ్వకపోతే ఎంత ఖరీదైన పరికరం ఉన్నా దండగ. తర్వాత బుగ్గను వేలితో లాగిపట్టి, గొట్టాన్ని పంటి మొదట్లో గట్టిగా అతుక్కుని ఉండే చిగురు మీద ఆనిస్తుంది. కాస్త పైన వదులుగా ఊగే పొర ఉంటుంది, అక్కడ కొడితే కమిలి రక్తం గడ్డకడుతుంది. ఈ రెంటి మధ్య గీత కొన్ని మిల్లీమీటర్లే. పిల్లకు కబుర్లు చెబుతూ, తల తన మోచేతి వంపులో కదలకుండా ఒదిగేలా పట్టుకుని, ఆ గీతకు ఇవతల నిలవగలగడం నేర్పు. దీన్ని చూస్తే పరికరం మీద గౌరవం కొంచెం తగ్గి, చేతి మీద బాగా పెరుగుతుంది.

మరి పిల్లలేమన్నారు? మన దక్షిణాదిలో ఈ ప్రశ్న వేసినవాళ్లున్నారు. మంగళూరులో మున్షీ, హెగ్డే, బషీర్ అనే దంతవైద్యులు పిల్లల మీద జెట్ సిరంజిని సూదితో పోల్చి చూసి 2001లో ప్రచురించారు. అక్కడ ఎక్కువమంది పిల్లలు సూది లేని పద్ధతికే మొగ్గారు. తొమ్మిదేళ్ల తర్వాత గ్రీసు నుంచి వచ్చిన ఫలితం దీనికి ఎదురుతిరిగింది. ఆరు నుంచి పదకొండేళ్ల వయసున్న 87 మంది పిల్లలకు ఒకసారి ఇంజెక్స్ అనే జెట్ పరికరంతో, మరోసారి సూదితో మత్తు ఇచ్చారు. అందులో 73.6 శాతం మంది సూదే మేలన్నారు! జెట్ వాడినప్పుడు 80.5 శాతం సందర్భాల్లో మళ్లీ మత్తు ఇవ్వాల్సి వచ్చింది. సూది వాడినప్పుడు అలా జరిగింది 2.3 శాతమే. ఈ అంకెలు చదివి నేను పరికరాన్ని తక్కువ చేయలేను. పిల్లల తెలివినే మెచ్చుకుంటాను. వాళ్లకు భయం సూది రూపం మీద ఉంటుంది నిజమే. తీర్పు మాత్రం నొప్పి మీద, చేదు మీద, ఎన్నిసార్లు నోరు తెరవాల్సి వచ్చిందన్న దాని మీద ఇస్తారు. జెల్లు బాగా రాసి, మందును మెల్లగా వదిలే డాక్టరు చేతిలో సూది ఉన్న సంగతే పిల్లకు తెలియదు.

జెట్ ఓడిపోయే చోటు కచ్చితంగా చెప్పవచ్చు. అది కింది దవడ. పెద్దవాళ్ల కింది దంతాలకు మత్తు ఇవ్వాలంటే దవడ వెనక ఎముక రంధ్రంలోకి దూరే నరం దగ్గరికి చేరాలి. సూదికి అక్కడికి చాలా లోతు ప్రయాణం. 1880ల్లో హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన ఈ పద్ధతికి ఇప్పటికీ సరైన బదులు రాలేదు. కొన్ని మిల్లీమీటర్లు పోయి ఆగే ధార ఆ నరాన్ని ఎన్నటికీ తాకదు. ఆగడమే దాని గొప్పతనం, దాని హద్దు కూడా అదే. పై ముందు పళ్లు, అంగిలి, ఊడబోతున్న పాలపళ్లు దాని రాజ్యం. అందులోనూ అంగిలి సంగతి ప్రత్యేకం. అక్కడి పొర ఎముకకు బిగుతుగా అతుక్కుని ఉంటుంది కాబట్టి సూది గుచ్చితే పెద్దవాళ్లకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. సరిగ్గా ఆ బిగుతే జెట్‌కు కలిసొస్తుంది, ధార జారిపోకుండా నిలబెడుతుంది.

ఇలాంటి పోటీలో సూది గెలవడం ఇది మొదటిసారి కాదు. కాలితో తొక్కి ఒత్తిడి ఎక్కించే పెడ్-ఓ-జెట్ అనే పరికరంతో పశ్చిమ ఆఫ్రికాలో, బ్రెజిల్‌లో మశూచి టీకాలు వేశారు. చివరికి ఆ పనిలో ఎక్కువ చోట్ల నిలిచింది రెండు మొనలున్న చిన్న సూది. దాన్ని ఉడకబెట్టి మళ్లీ వాడుకోవచ్చు, మరమ్మతు అక్కర్లేదు, పల్లెటూరి టీకాల మనిషి సైతం కాసేపట్లో నేర్చుకోగలడు. మన దేశంలో 1975లో మశూచి ఆగింది ఆ సూదితోనే. జెట్ తుపాకులకు ఇంకో మచ్చ కూడా పడింది. 1980ల్లో కాలిఫోర్నియాలో ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో వాడిన జెట్ పరికరం ద్వారా ఒకరి రక్తం ఇంకొకరికి చేరి హెపటైటిస్-బి వ్యాపించింది. అమెరికా సైన్యం అందరికీ ఒకే నాజిల్ వాడే తుపాకులను 1997లో పక్కన పెట్టేసింది. ఇప్పుడు రోగి మారితే నాజిల్, గొట్టం మారాల్సిందే. తలిదండ్రులు గమనించాల్సిన విషయం ఇది: మీ పిల్లకు కొత్త గొట్టం విప్పారో లేదో అడగండి. అడిగితే డాక్టర్లు నొచ్చుకుంటారని జంకనక్కర్లేదు.

ఆ మచ్చ తర్వాత కూడా ఈ పరికరం మన దేశంలో ఒక పెద్ద మెట్టెక్కింది. 2021 ఆగస్టులో అనుమతి పొందిన జైకోవ్-డి కోవిడ్ టీకా ప్రపంచంలో మనుషుల వాడకానికి అనుమతి దొరికిన మొదటి డీఎన్ఏ టీకా. పన్నెండేళ్లు దాటినవాళ్ల కోసం అనుమతించిన ఆ టీకాను సూది లేకుండా జెట్‌తోనే వేశారు. బొంబాయి ఐఐటీలో ఏరోస్పేస్ విభాగం వాళ్లు షాక్ తరంగంతో మందును చర్మం దాటించే సిరంజిని ఎలుకల మీద పరీక్షించారు. పళ్ల కుర్చీ దాకా రావడానికి దానికింకా సమయం పడుతుంది.

ముక్కులో కొట్టే స్ప్రే గురించి కూడా రెండు మాటలు. టెట్రాకైన్, ఆక్సీమెటజోలిన్ కలిపిన కోవనేజ్ అనే మందుకు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. ముక్కులో చిమ్మితే పై ముందు పళ్లు మొద్దుబారతాయి. సూదీ లేదు, చప్పుడూ లేదు. తీరా చూస్తే 40 కిలోల బరువు దాటినవాళ్లకే. సూదికి హడలిపోయే ఐదేళ్ల పిల్ల బరువు అందులో సగం కూడా ఉండదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మత్తే అక్కర్లేకుండా చేసే పనితనం ఇంకో ఎత్తు. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు పిప్పి పన్నును తొలవకుండా, మత్తు ఇవ్వకుండా, దాని మీద స్టీలు తొడుగు బిగించి పుచ్చు లోపలే ఆగిపోయేలా చేసింది. ఆవిడ పేరు మీదే ఆ పద్ధతిని పిలుస్తున్నారు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం చుక్క రాస్తే పుచ్చు చాలావరకు అక్కడితో ఆగుతుంది, పుచ్చిన చోటు నల్లబడుతుంది అంతే. పాలపన్ను ఎలాగూ ఊడేదే కనుక ఆ నలుపు గురించి బెంగ అనవసరం. గోదావరిఖని నుంచి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రికి రాజీవ్ రహదారి మీద రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అంత దూరం పోలేని ఇళ్లకు జెట్ పరికరం కంటే ఈ స్టీలు తొడుగు, ఈ చుక్క మందు ముందు చేరాలని నా అభిప్రాయం. జెట్ అందంగా ఉంది కదాని దాన్నే అడిగి, అసలు అవసరాన్ని వదిలేయకూడదు.

మత్తు తప్పదన్నప్పుడు ఏం అడగాలో కూడా చెప్పి ఆపుతాను. క్లినిక్‌కు పోయేముందు పిల్లను తూకం వేయించి ఆ బరువు డాక్టరుకు చెప్పండి, మందు మోతాదు దాని మీదే ఉంటుంది. పై పళ్లకైతే జెట్ ఉందా అని అడగండి. కింది దవడ పళ్లకైతే జెల్లు రాసి ఆగి, మెల్లగా వేసే డాక్టరును వెతుక్కోండి. ఇంటికొచ్చాక రెండు మూడు గంటల పాటు పెదవి మొద్దుబారి ఉంటుంది, పిల్ల దాన్ని నమిలి పుండు చేసుకోకుండా కనిపెట్టుకుని ఉండండి, మొద్దు పోయేదాకా తినడానికేమీ పెట్టొద్దు. అన్నిటికంటే ముందు, అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తానని బెదిరించడం ఈ రోజే మానేయండి.